పలికే బండ, మూగ బండ: అనంతపురం నుంచి కర్నూలు దాకా ఐదు రోజులు

2024 అక్టోబరు 30న బెంగళూరు నాగవార దగ్గర ‘తుంగ’ అనే సొరంగ యంత్రం చివరి గోడను చీల్చుకొని వెలుతురులోకి వచ్చింది. దానితో మెట్రో గులాబీ లైను సొరంగాల తవ్వకం పూర్తయింది. డెయిరీ సర్కిల్ నుంచి నాగవార దాకా నేల కింద 13.76 కిలోమీటర్ల మార్గం, 12 స్టేషన్లు, పోవడానికి ఒకటి రావడానికి ఒకటిగా జంట సొరంగాలు కలిపి దాదాపు 21 కిలోమీటర్ల తవ్వకం, దానికి తొమ్మిది యంత్రాలు. భారత సైన్యపు ఇంజనీరింగ్ రెజిమెంటు మద్రాస్ సాపర్స్‌లో ఇంజనీరు అధికారినైన నేను ఆ పనిలో చివరి ఇరవై ఆరు నెలలు డెప్యుటేషన్ మీద ఉన్నాను. తిరిగి యూనిట్‌లో చేరే ముందు దొరికిన సెలవులో కర్నూలులో అమ్మానాన్నల దగ్గరికి నేరుగా వెళ్లవలసినవాడిని, ఇచ్చిన మాట ఒకటి ఉండడం వల్ల అనంతపురంలో దిగి చుట్టు తిరిగి వెళ్లాను. ఇంటికి చేరి మూడు రోజులైంది. ఇవాళ కార్తిక పౌర్ణమి. చూసినవి, విన్నవి చెదిరిపోకముందే రాసుకుంటున్నాను.

నవంబరు 8, శుక్రవారం: అనంతపురం

నా సంచిలో బట్టలకన్నా బరువైన వస్తువు ఒకటుంది. అది జానెడు పొడవు, గుప్పిట పట్టేంత మందం ఉన్న రాతి కడ్డీ. సొరంగం దారి ఖరారు చేసే ముందు నేలలోకి గొట్టం దించి రాతి నమూనాలు తీస్తారు. పరీక్షలన్నీ అయిపోయి పారవేయడానికి పక్కన పెట్టిన వాటిలోంచి అనుమతి అడిగి ఒకటి తీసుకున్నాను. తెలుపు, నలుపు చారలు అలలు అలలుగా కలిసిపోయిన నైస్ శిల అది. దాన్ని మా రింగు మేస్త్రి తండ్రికి చూపిస్తానని మాటిచ్చాను.

రింగు మేస్త్రి అని మేము పిలిచేది యంత్రం వెనుక సొరంగానికి కాంక్రీటు గోడ బిగించే ముఠా పెద్దను. యంత్రం కొంత దూరం తొలిచి ఆగుతుంది. అప్పుడు వంపు తిరిగిన కాంక్రీటు పలకలను ఒక్కొక్కటిగా ఎత్తి గుండ్రంగా పేర్చి, చివరి చిన్న పలకను చీలలాగా దూర్చి బోల్టులు బిగిస్తే ఒక వలయం పూర్తవుతుంది. దాని లోపలి వ్యాసం 5.8 మీటర్లు. యంత్రం ఆ వలయానికే కాళ్లు తన్నిపెట్టి మళ్లీ ముందుకు జరుగుతుంది. వెనుక కట్టిన గోడ సరిగా లేకపోతే ముందు తవ్వకమే లేదు. మా మేస్త్రిది అనంతపురం జిల్లా నార్పల వైపు పల్లె. నలభై దాటిన మనిషి, మితభాషి. వలయం బిగించే విరామంలో యంత్రపు ఉక్కు కవచం మీద అరచేయి ఆనించి నిలబడేవాడు. తిరిగి తొలవడం మొదలుకాగానే “పలుకుతాంది సార్, భయం లేదు” అనేవాడు. ఎప్పుడైనా మొహం ముడుచుకొని “మూగబోయింది” అన్నాడంటే, కాసేపటికి ఆపరేటరు గదిలోని అంకెలు కూడా అదే చెప్పేవి. మొదట్లో అది అలవాటు మాట అనుకున్నాను. ఆరు నెలలు గడిచేసరికి అతని మొహం చూడకుండా తవ్వకం మొదలుపెట్టమని చెప్పడం మానేశాను.

ఇక్కడ బెంగళూరు నేల గురించి కొంత చెప్పాలి. పైన ఎర్రమట్టి ఉంటుంది, దాని కింద కుళ్లిన రాయి, ఇంకా కింద గట్టి నైస్. ఈ పొరల సరిహద్దు సమంగా ఉండదు. ఒకచోట గట్టి రాయి సొరంగం నెత్తి దాకా లేస్తుంది, నాలుగు అడుగుల అవతల సొరంగం పాదాల కిందికి జారిపోతుంది. యంత్రం ముఖంలో పై సగం మట్టి, కింది సగం రాయి తగిలినప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. ఉక్కు కట్టర్లు చుట్టు తిరిగే ప్రతిసారీ మెత్తటి మట్టిలోంచి వచ్చి రాతి అంచును గుద్దుకుంటాయి, పగులుతాయి. ఆ లోపు పై మట్టి లోపలికి కారుతుంది. కారిన మట్టి పైన ఎక్కడో ఒక వీధిలో గుంటగా తేలుతుంది. ఇదే నగరంలో మొదటి దశ మెట్రో తవ్వినప్పుడు ‘గోదావరి’ అనే యంత్రం కట్టర్లు దెబ్బతిని నెలల తరబడి నేల కింద నిలిచిపోయిన సంగతి ఆ పనిలో ఉన్న ప్రతివారికీ తెలుసు. పాత బావులు, ఎవరూ లెక్క రాసిపెట్టని బోరుగుంతలు వీటికి తోడు.

మా రెజిమెంటు పుట్టింది 1780లో. మా పాత పేరు సాపర్స్ అండ్ మైనర్స్. శత్రువు కోట గోడ కిందికి రహస్యంగా కందకాలు, సొరంగాలు తవ్వుకుంటూ పోయేవారికి వచ్చిన పేరు అది. అయినా నా తరానికి నేర్పిన విద్యలో మొదటి గుణం వేగం. రాత్రికి రాత్రి నది మీద వంతెన వేయాలి, తెల్లవారేసరికి బండ్లు దాటాలి. హిమాలయాల్లో రోహతాంగ్ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగంలో కొంతకాలం పనిచేసినప్పుడు, సేరి నాలా కింద 587 మీటర్ల బలహీనమైన నేలలోంచి నీరు, బురద కలిసి దూకడం చూశాను. అయితే అక్కడ మా నెత్తిన ఉన్నది కొండ. బెంగళూరులో ఉన్నది శివాజీనగర్ వీధుల్లో పసిపిల్లలు నిద్రపోతున్న ఇళ్లు. పని మొదలుకాకముందే ఇంటింటికీ వెళ్లి గోడల మీద ఉన్న పాత పగుళ్లను కొలిచి రాసుకొనేవాళ్లం. ఒక ముసలమ్మ తన గోడ మీది వెంట్రుకంత పగులు పెరుగుతోందేమో తెలియడానికి మేము అతికించిన గాజు పలకను రోజూ తుడిచి పెట్టేది. యంత్రం ఆమె ఇంటి కిందనుంచి దాటిపోయిన మరునాడు వెళ్తే కాఫీ ఇచ్చి, “ఇంకా ఎప్పుడు వస్తుంది?” అని అడిగింది. దాటిపోయిందని చెబితే ఆమె చాలాసేపు నేలకేసి చూసింది. నా ఉద్యోగంలో నాకు అందిన మెప్పులన్నిటిలోకీ ఆ ప్రశ్నే పెద్దదని నేను నిజంగా అనుకుంటాను.

కొడికొండ చెక్‌పోస్టు దాటాక రోడ్డుకు ఇరువైపులా గుండ్లు గుండ్లుగా పేరుకున్న కొండలు మొదలయ్యాయి. బెంగళూరులో మట్టి కింద దాక్కున్న రాయి ఇక్కడ ఎండలో కూర్చొని ఉంటుంది. అనంతపురంలో గడియారస్తంభానికి దగ్గర్లో తొమ్మిది వందలకు గది దొరికింది. రాత్రి మెస్సులో రాగి సంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు కలిపి తొంభై రూపాయలు. సంగటి ముద్ద మధ్య గుంట చేసి నెయ్యి పోసిన పెద్దమ్మ నేను చెంచా కోసం వెతకడం చూసి, “చేత్తో తినల్ల నాయనా, లేకుంటే దానికి రుచి యాడిది?” అంది. మెస్సు ఎదురుగా పెనం మీద వేడివేడిగా తీస్తున్న ఓళిగ ఇరవై ఐదు రూపాయలు. రెండు తిన్నాను.

నవంబరు 9, శనివారం: నార్పల వైపు పల్లె

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఆటో ఎక్కాను. బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీదుగా గాలి చల్లగా తగిలింది. మేస్త్రి ఫోనులో చెప్పిన ఊరి పేరే ఉన్న మరో ఊరు, ముందు ‘చిన్న’ అనే మాట మాత్రమే తేడాతో, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉందని నాకు తెలియదు. షేర్ ఆటో నన్ను అక్కడ దింపి వెళ్లిపోయింది. మేకలు తోలుకుపోతున్న ఆవిడ ఒకరు నా సంచి, బూట్లు చూసి, “ఎవురింటికప్పా?” అని అడిగారు. ఆ ప్రాంతంలో ‘ఎవరు నువ్వు’ అని అడగరు. ఎవరింటికి వచ్చావో తెలిస్తే ఎవరివో తెలిసినట్టే. మేస్త్రి ఇంటి పేరు చెప్పగానే ఆవిడ మేకలను ఆపి, చెనక్కాయ చేల మధ్యనుంచి అడ్డదారి చూపించారు. పంట పీకిన చేలలో ఆడవాళ్లు గుంపులుగా కూర్చొని కాయలు కోస్తున్నారు. దాటుతున్నప్పుడు ఇద్దరు పిలిచి దోసిళ్లతో కాయలు జేబుల్లో పోశారు. వద్దంటే నొచ్చుకుంటారని పోయించుకున్నాను.

మేస్త్రి తండ్రికి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. వేప చెట్టు కింద నులక మంచం మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చి, నేను తాగేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ తర్వాతే కొడుకు ఆరోగ్యం అడిగాడు. ఆయన జీవితమంతా బావులు తవ్వాడు. చుట్టుపక్కల పల్లెల్లో తాను దిగిన బావులు నూట ఇరవై దాకా ఉంటాయని వేళ్ల మీద ఊర్ల పేర్లు చెబుతూ లెక్కపెట్టాడు. బోర్లు వచ్చాక బావి అడిగేవాడు లేకుండా పోయాడు. నీళ్లు బోర్లకు కూడా అందనంత లోతుకు పోయాయి. పెద్ద కొడుకు క్వారీకి, చిన్న కొడుకు, అంటే మా మేస్త్రి, సొరంగాలకు వెళ్లారు.

రాతి కడ్డీ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూడలేదు. మొదట బరువు తూచాడు. తరువాత మంచం పట్టె మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి, తల పక్కకు వంచి విన్నాడు. వేలు తడి చేసి చారల మీద రాసి, వాలు ఎటు ఉందో చూశాడు.

“ఎంత లోతులో ఉండేదిది?”

“డెబ్బై అడుగుల కింద.”

“ఇది మా బండే,” అన్నాడు.

ఆయన చెప్పినది భూగర్భ శాస్త్రానికి సరిపోతుంది. బెంగళూరు కింద ఉన్నదీ ఈ నార్పల వైపు పల్లెల కింద ఉన్నదీ ఒకే శిలా సమూహం, దాని వయసు 250 కోట్ల ఏళ్ల పైమాట. పటంలో రంగు చూసి నేను చెప్పగలిగిన దాన్ని ఆయన చెవితో చెప్పాడు.

మధ్యాహ్నం తన పాత బావి ఒకటి చూపించడానికి తీసుకువెళ్లాడు. నీళ్లు లేవు. మెట్లు అరవై దాకా ఉన్నాయి. పైన గరుసు, కింద పొరలు పొరలుగా విడిపోయే రాయి, ఇంకా కింద నీలి బండ. సరిగ్గా మేము రెండేళ్లపాటు యంత్రంతో పోరాడిన మూడు పొరలే అక్కడ ఎండలో, ఒకే గోడ మీద, చేత్తో తాకేటట్టు కనిపించాయి. మా దగ్గర చేరిన కొత్త ఇంజనీర్లను మొదటి రోజు తెరల ముందు కూర్చోబెట్టకుండా ఇలాంటి బావిలోకి దింపి ఉండాల్సింది. ఈ మాట పనిలో ఉండగానే అధికారుల ముందు పెట్టలేకపోయినందుకు నాకు చింత ఉంది.

మెట్ల సగంలో ఆయన ఆగి, గోడలో బీట వారిన చోట తట్టాడు. చప్పుడు చప్పగా, చెక్క మీద తట్టినట్టు వచ్చింది. “ఇది మూగ బండ. వెనకాల సందు ఉంటాది, లేకుంటే మన్ను ఉంటాది. పలికే బండ కిందకి బిడ్డను పంపు, ఏమీ కాదు. మూగ బండ కిందకి పందిని కూడా పంపకూడదు.” తన తమ్ముడు ఇలాంటి బండ కిందే పోయాడని చెప్పాడు. ఆ రోజు తెల్లవారుజామునే నీళ్లు పడ్డాయి. యజమాని కొబ్బరికాయ కొట్టడానికి వస్తున్నాడని తొందరపడి, తట్టి చూడకుండా, తూటా పేల్చాక రాలిన మట్టి ఎత్తడానికి దిగారు. చెప్పడం ముగించి ఆయన మిగిలిన మెట్లు దిగలేదు. నేనూ దిగలేదు.

మేస్త్రి ఎందుకు అరచేయి ఆనించి నిలబడేవాడో నాకు అప్పుడు తెలిసింది. ఇరవై ఆరు నెలల్లో అతను ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

సాయంత్రం నాటుకోడి పులుసు, సంగటి పెట్టారు. డబ్బు ఇవ్వబోతే ఇంటి కోడలు లోపలికి వెళ్లిపోయింది. పిల్లవాడి చేతిలో పెడదామంటే వాడూ పరుగెత్తాడు. రాతి కడ్డీ తిరిగి సంచిలో పెట్టుకోబోతే పెద్దాయన, “అది ఈడ్నే ఉండనీ. నా కొడుకు రెండేండ్లు దాంట్లో ఉన్నాడు,” అన్నాడు. ఇచ్చేసి వచ్చాను.

నవంబరు 10, ఆదివారం: తాడిపత్రి, బెలుం

తాడిపత్రి చేరేలోపు నేల మారిపోతుంది. గుండ్ల కొండలు వెనకబడి, పొరలు పొరలుగా పరచిన రాతి నేల మొదలవుతుంది. ఇళ్ల గోడలు, అరుగులు, పొలం గట్లు, చివరికి పశువుల తొట్లు కూడా నల్లటి బండ పరుపులతోనే కట్టుకున్నారు. రాష్ట్రమంతటా ఇళ్లలో పరిచే బండల పుట్టిల్లు ఇది. పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయంలో లింగం అడుగునుంచి నీటి ఊట ఎప్పుడూ ఉబుకుతూ ఉంటుంది. కార్తిక మాసం కావడంతో అక్కడ దీపాలు పెట్టేవారు బారులు తీరి ఉన్నారు. పూజారి చేతి తీర్థం పుచ్చుకుంటూ, సున్నపురాతి నేలలో నీరు దారి చేసుకొనే తీరు గురించే ఆలోచించాను. బెంగళూరు రాతిలో నీరు బీటలు వెతుక్కుంటుంది. ఈ రాతిలో నీరు రాయినే కరిగించుకొని గది కట్టుకుంటుంది. ఇలాంటి నేలలో సొరంగం తవ్వేవాడు భయపడవలసింది గట్టిదనానికి కాదు, ఎదురుగా ఏమీ లేకపోవడానికి.

ఆ ‘ఏమీ లేకపోవడం’ ఎంత పెద్దదిగా ఉండగలదో బెలుం గుహలో చూశాను. చదునైన పొలం మధ్యలో బావిలాంటి గుంత, అందులోకి మెట్లు. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సగానికి దగ్గరగా చూడనిస్తారు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. వంద ఏళ్ల తరువాత, 1980లలో, జర్మనీ నుంచి వచ్చిన గుహ అన్వేషకులు లోపల పాకి పటం గీశారు. సందర్శకులకు తెరిచింది 2002లో. ఆదివారం కావడంతో జనం కిటకిటలాడుతున్నారు. లోపల ఉక్క. పైనుంచి గాలి గొట్టాల ద్వారా లోపలికి గాలి పంపుతున్నా చొక్కా అయిదు నిమిషాల్లో ఒంటికి అతుక్కుంది. అందరూ విసనకర్రల్లా టికెట్లు ఊపుకుంటుంటే నాకు మాత్రం పనిలోకి తిరిగి వెళ్లినట్టనిపించింది. యంత్రం తల వెనుక ఉండే వేడి కూడా ఇలాగే ఉంటుంది.

సప్తస్వరాల గుహ దగ్గర గైడు, పాతికేళ్ల కుర్రవాడు, వేలాడే సున్నపురాతి కడ్డీలను కర్రతో మెల్లగా తట్టి చూపించాడు. ఒక్కోటి ఒక్కో స్వరం ఇచ్చింది. గుంపులో ఒకతను తానూ తడతానని చేయి చాపితే కుర్రవాడు అడ్డుపడి, “అన్నా, ఇది విరిగితే మళ్లీ పెరగడానికి మన ముని మనవళ్లు కూడా సాలరు,” అన్నాడు. చెప్పిన తీరులో కోపం లేదు, తన ఇంటి వస్తువు గురించి చెబుతున్నట్టుంది. గుంపు ముందుకు కదిలాక నేను ఆగి, నిన్న పెద్దాయన చెప్పిన మాట అతనికి చెప్పాను. అతను గోడ మీద ఒక చోట అరచేతితో తట్టి, “ఇది పలకదు సార్. దీని యెనకాల ఇంకో గది ఉందని మా మామ అంటాడు. ఎవురూ పోలేదు,” అన్నాడు. అక్కడినుంచి మెట్లు దిగి పాతాళగంగకు వెళ్లాము. నేలమట్టానికి 46 మీటర్ల లోతు. సన్నటి నీటి పాయ ఒకటి కనిపించి, రాతి కిందకి మాయమైపోతుంది. మా బెంగళూరు సొరంగం ఇంత లోతులో ఎక్కడా లేదు.

బయట నన్నారి షర్బత్ ఇరవై రూపాయలు. ఆ దాహానికి రెండు గ్లాసులు చాలలేదు.

నవంబరు 11, సోమవారం: అవుకు, యాగంటి

కొలిమిగుండ్లలో రాత్రి ఉండి, పొద్దున్నే బైకు అద్దెకు తీసుకున్నాను. రోజుకు అయిదు వందలు, పెట్రోలు మనదే. అవుకు వెళ్లే దారిలో తప్పిపోయాను. సున్నపురాయి గనుల లారీలు తిరిగి తిరిగి చేసిన దారులు అసలు రోడ్డుకన్నా వెడల్పుగా ఉన్నాయి. వాటిలో ఒకటి పట్టుకొని గంటసేపు తెల్లటి దుమ్ములో తిరిగి ఒక గని అంచున ఆగాను. అక్కడి లారీ డ్రైవరు తన క్యారేజీ విప్పి కూర్చొని ఉన్నాడు. దారి అడిగితే ముందు జొన్నరొట్టె చేతిలో పెట్టాడు, దాని మీద పచ్చిమిరపకాయ కారం. “తిని పో సార్, దారి యాడికి పోతాది?” అన్నాడు. ఆ రొట్టె రుచి ఇంకా నోట్లో ఉంది.

అవుకు రిజర్వాయరు ఒడ్డున చేపలు పట్టేవారు వలలు ఆరవేసుకుంటున్నారు. శ్రీశైలం వరద నీటిని గాలేరు–నగరి పథకం కింద ఇక్కడికి తెచ్చేది కొండ కింద తవ్విన జంట సొరంగాలు. పొడవు 5.7 కిలోమీటర్లు. రెండవ సొరంగాన్ని 2023 నవంబరు 30న జాతికి అంకితం చేశారు. అది ఏళ్ల తరబడి ఆలస్యం కావడానికి ముఖ్య కారణం మధ్యలో తగిలిన సుమారు 160 మీటర్ల బలహీనమైన మట్టి పొర. తవ్విన కొద్దీ పైనుంచి కూలింది. లోపలికి వెళ్లే వీలు లేదు, నేను అడగలేదు కూడా. కాలువ అంచున కూర్చొని, సొరంగం నోటిలోంచి నీరు వచ్చే దిక్కుకేసి చూశాను. 5.7 కిలోమీటర్లలో 160 మీటర్లంటే వందలో మూడు పాళ్లు. మొత్తం పని వేళాపట్టికను ఆ మూడు పాళ్లే రాశాయి. ఇలాంటి చోట బయటివారు తవ్వేవాళ్ల చేతకానితనాన్ని ఎత్తి చూపడం నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ బాధపడ్డాను. నేలలోకి ముందుగా దించిన రెండు గొట్టాల నడుమ ఏముందో ఆ రెండు గొట్టాలూ చెప్పలేవు. నేల తన సంగతి తవ్వేవాడికి అడుగడుగునా కొంచెం కొంచెంగా చెబుతుంది. వినడానికి ఆగే అవకాశం అతనికి ఇవ్వాలి. ఒప్పందపు కాగితంలో తేదీలు వేసేవారు ఆ ఆగడానికి కూడా ఒక గడి ఉంచితే, ఖర్చూ ప్రాణాలూ రెండూ మిగులుతాయి.

వలల దగ్గరున్న ముసలాయన తాను ఆ సొరంగంలో కొన్నాళ్లు మట్టి ఎత్తే పనిచేశానని చెప్పాడు. “ఆ మెత్తటి నేల కాడ ఎట్లుండేది?” అని అడిగాను. “తవ్వితే ఎంత పోతాదో, తెల్లారేసరికి అంత వచ్చేది,” అన్నాడు. “సప్పుడు?” అంటే ఆయన కాసేపు ఆలోచించి, “సప్పుడే ఉండదు. అదే భయం,” అన్నాడు.

మధ్యాహ్నానికి యాగంటి చేరాను. కార్తిక సోమవారం, బనగానపల్లె నుంచి బస్సులు వచ్చినవి వచ్చినట్టే నిండిపోతున్నాయి. కొండ గుహల్లో దేవుళ్లు, కొండ కడుపులోనుంచి వచ్చే నీటితో నిండే కోనేరు. నంది రోజురోజుకూ పెరుగుతోందని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసే చోటు ఇప్పుడు చాలడం లేదని భక్తుల నమ్మకం. పక్కన నిలబడిన ఒకావిడ తన మనవరాలికి అదే కథ చెబుతూ, నంది మెడ మీద చేయి వేయించి, “చూడు, వెచ్చగా లేదూ?” అంది. అన్నదానం వరుసలో గంట నిలబడ్డాను. ముందున్నవాళ్లు పసిపిల్లల తల్లులను, ముసలివాళ్లను ఎవరూ చెప్పకుండానే ముందుకు పంపేస్తున్నారు. చింతపండు పులిహోర, పప్పు, మజ్జిగ. ఆకు తీసి లేస్తుంటే వడ్డించే కుర్రాడు నా చేతిలోంచి లాక్కొని తానే తీసుకుపోయాడు.

నవంబరు 12, మంగళవారం: కర్నూలు

నాన్న కె.సి. (కర్నూలు–కడప) కెనాల్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంటికి చేరి స్నానం చేసి, అమ్మ చేసిన గుంత పొంగణాలు తింటూ ఉండగానే ఆయన చెప్పులు వేసుకొని గుమ్మంలో నిలబడ్డారు. నేను సెలవు మీద వచ్చిన ప్రతిసారీ ఇద్దరం నడిచి వెళ్లే చోటు ఒకటే, హంద్రీ మీద కాలువ దాటే అక్విడక్టు. కింద నది, పైన కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్రలో పుట్టి కడప దాకా పోయే ఈ కాలువను 1860లలో ఒక కంపెనీ పడవలు కూడా నడపాలని తవ్వింది. రాబడి రాక 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. ఇలాంటి కాలువల ఆలోచనకు ఆద్యుడైన ఆర్థర్ కాటన్ మద్రాస్ ఇంజనీర్స్ అధికారి. నేను సైన్యంలో చేరుతానన్నప్పుడు అమ్మ ఏడిస్తే, నాన్న ఆమెకు చెప్పిన ఒకే ఒక్క మాట ఆయన పేరు.

నాన్నకు పెద్దాయన బావి సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అక్విడక్టు గోడ దగ్గర వంగి, తాళంచెవితో రాతిని రెండు చోట్ల తట్టారు. “మేమూ ఇట్లాగే చూసేవాళ్లం. గండి పడే ముందు గట్టు చప్పుడు మారుతుంది. దీన్ని ఏ రిజిస్టరులో రాయాలో తెలీక రాయలేదు,” అన్నారు. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన ఈ మాట నాతో అనడం ఇదే మొదటిసారి. ఆ రాత్రే నేను ఒక నోటుపుస్తకం తెరిచి, మేస్త్రి ఎప్పుడెప్పుడు ‘మూగబోయింది’ అన్నాడో, అప్పుడు ఎదురుగా ఏ నేల తగిలిందో గుర్తున్నంత వరకు రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పద్నాలుగు సందర్భాలు వచ్చాయి. యూనిట్‌కు వెళ్లాక మా శిక్షణ విభాగానికి ఇస్తాను.

తిరిగి వస్తూ కొండారెడ్డి బురుజు ముందు ఆగాము. చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకొని వచ్చినప్పుడు, దీని కింద సొరంగం తుంగభద్ర అడుగునుంచి అవతలి ఒడ్డు దాకా ఉందని జనం చెప్పే మాటను ఆయన నాకు కథగా చెప్పేవారు. నది కింద సొరంగం ఎలా తవ్వుతారని నేను అడిగిన మొదటి ఇంజనీరింగు ప్రశ్న ఈ బురుజు మెట్ల మీదే అడిగాను. ఈసారి ఆయనే నన్ను అడిగారు, నిజంగా తవ్వాలంటే ఎలా తవ్వుతావని. నది అడుగున బండ ఎంత లోతులో ఉందో చూడాలని, బీటల్లోంచి నీరు ఎంత ఒత్తిడితో వస్తుందో కొలవాలని, యంత్రం ముఖాన అంతకు తగిన ఒత్తిడి నిలపాలని చెబుతూ పోయాను. బజ్జీల బండి దగ్గర నిలబడి ఆయన పూర్తిగా విన్నారు. చల్లారిన బజ్జీలకు బండివాడు డబ్బు తీసుకోకుండా వేడివి మార్చి ఇచ్చాడు.

రాత్రి తొమ్మిదింటికి మేస్త్రి ఫోను చేశాడు. అతను అప్పటికే చెన్నైలో మరో సొరంగం పనిలో చేరాడు.

“నాయన ఆ రాయిని దేవుని గూట్లో పెట్టినాడంట సార్. అమ్మ చెప్పింది.”

మీ చిన్నాయన సంగతి విన్నానని చెప్పాను. అతను ఊరుకున్నాడు. ఫోనులో వెనక ఎక్కడో క్రేను హారను, హిందీలో ఎవరో కేకేయడం వినిపించాయి. కాసేపయ్యాక, అక్కడి నేల ఎలా ఉందని అడిగాను.

“ఇంగా దిగలేదు సార్. రేపు పొద్దున దిగుతాన్నాం. దిగినాక చెప్తా, పలుకుతాందో లేదో.”